ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగ్

ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగ్ (1863 ఆగష్టు 16 - 1949 ఏప్రిల్ 30) ఇంగ్లండుకు చెందిన ప్రముఖ రసాయన శాస్త్రవేత్త. సిలికాన్ మూలకం కర్బన సమూహాలతో కలిసి ఏర్పరచే సమ్మేళనాలపై నాలుగు దశాబ్దాలకు పైగా పరిశోధన చేశాడు. ఈనాడు సిలికోన్లుగా పిలువబడుతున్న పదార్థాలకు ఆ పేరు ఈయన వాడుక నుండే వచ్చింది. కిటికీ అద్దాల అంచులలోను, స్నానాల గది పలకల సందులలోను, చేపల తొట్టెల మూలలలోను నీరు కారకుండా పూసే సిలికోన్ సీలెంటుకు మూలం ఈయన పరిశోధనలే. అయితే కిప్పింగ్ దానికోసం వెదకలేదు. స్ఫటికరూపం దాల్చక జిగురు ముద్దలుగా మిగిలిపోయే ఆ పదార్థాలను ఆయన తన పనికి అడ్డంకిగానే భావించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

కిప్పింగ్ మాంచెస్టర్ నగరాన్ని ఆనుకొని ఉన్న హయ్యర్ బ్రౌటన్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ స్టాన్లీ కిప్పింగ్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు ఉద్యోగి. తల్లి జూలియా, చార్లెస్ ఆలెన్ డువాల్ అనే చిత్రకారుని కుమార్తె. కిప్పింగ్ పుట్టిన 1863వ సంవత్సరంలోనే ఫ్రీడల్, క్రాఫ్ట్స్ అనే శాస్త్రవేత్తలు సిలికాన్, కర్బనం నేరుగా బంధింపబడిన తొలి సమ్మేళనాన్ని తయారుచేయటం ఒక యాదృచ్ఛిక విశేషం.

మాంచెస్టర్ గ్రామర్ స్కూలులోను, కొంతకాలం ఫ్రాన్సులోని కాన్ పట్టణంలోను చదివిన కిప్పింగ్, 1879లో మాంచెస్టర్‌లోని ఓవెన్స్ కళాశాలలో చేరి లండన్ విశ్వవిద్యాలయ పట్టం పొందాడు. కొన్నాళ్ళు నగర గ్యాసు విభాగంలో పనిచేసి, 1886లో జర్మనీ వెళ్ళాడు. మ్యూనిక్‌లో ఆడాల్ఫ్ వాన్ బేయర్ ప్రయోగశాలలో, విలియం హెన్రీ పెర్కిన్ (చిన్న పెర్కిన్) పర్యవేక్షణలో పరిశోధించి, 1887లో అత్యున్నత శ్రేణిలో డాక్టరేటు పట్టా అందుకున్నాడు. గురుశిష్యుల మధ్య వయోభేదం మూడేళ్ళే. ఆ పరిచయం జీవితాంతం నిలిచిన స్నేహంగా మారింది.

ఉద్యోగ జీవితం

పెర్కిన్ ఎడింబరోలోని హెరియట్-వాట్ కళాశాలలో ఆచార్యుడు కాగా, కిప్పింగ్ ఆయన వద్ద సహాయకునిగా చేరాడు. 1890లో లండన్ వెళ్ళి, సిటీ అండ్ గిల్డ్స్ వారి సాంకేతిక కళాశాలలో ఆర్మ్‌స్ట్రాంగ్ క్రింద పనిచేశాడు. అక్కడ విలియం జాక్సన్ పోప్‌తో కలిసి కర్పూరం నుండి వచ్చే సల్ఫోనిక్ ఆమ్లాలను అధ్యయనం చేశాడు. ఎడమచేయి, కుడిచేయి వలె ఒకదానికొకటి ప్రతిబింబాలుగా ఉండే అణువులను వేరు చేయటానికి ఆ ఆమ్లాలు చక్కని సాధనాలయ్యాయి.

పెర్కిన్, కిప్పింగ్ కలిసి రచించిన ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠ్యపుస్తకం 1894లో వెలువడింది. ఎన్నో ముద్రణలు పొందిన ఈ గ్రంథం ద్వారానే చాలాకాలం పాటు విద్యార్థిలోకానికి కిప్పింగ్ పేరు తెలిసింది. 1897లో ఆయన నాటింగ్‌హాం యూనివర్సిటీ కళాశాలలో రసాయన శాస్త్ర ఆచార్యునిగా నియమితుడై, 1936లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే ఉన్నాడు. అదే 1897లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు.

సిలికాన్ పరిశోధనలు

ఆవర్తన పట్టికలో సిలికాన్ కర్బనానికి సరిగ్గా క్రింద ఉంటుంది. రెండింటి సంయోజకత నాలుగే. కర్బన పరమాణువు చుట్టూ నాలుగు వేర్వేరు సమూహాలు ఉన్నప్పుడు ప్రతిబింబ రూపాలు ఏర్పడుతున్నాయి కదా, సిలికాన్ చుట్టూ ఉన్నా ఏర్పడతాయా అన్నది కిప్పింగ్ ప్రశ్న. 1899 ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టాడు. 1900లో విక్టర్ గ్రిన్యార్ కనుగొన్న మెగ్నీషియం కారకాన్ని 1904లో సిలికాన్ టెట్రాక్లోరైడుపై ప్రయోగించి, కోరిన కర్బన సమూహాలను ఒక్కొక్కటిగా సిలికాన్‌కు జోడించే మార్గాన్ని ఏర్పరచాడు. 1907లో తాను కోరిన విధంగా ధ్రువిత కాంతిని భ్రమణం చెందించే సిలికాన్ సమ్మేళనాన్ని సాధించాడు. కిప్పింగ్ దృష్టిలో ఇదే అసలు విజయం.

ఈ ప్రయత్నంలో ఆయనకు వేరొక పదార్థం ఎదురయింది. రెండు ఫినైల్ సమూహాలు, రెండు క్లోరిన్లు ఉన్న సిలికాన్ సమ్మేళనాన్ని నీటితో చర్య జరిపిస్తే, కర్బన రసాయనంలోని బెంజోఫినోన్ అనే కీటోన్‌ను పోలిన పదార్థం రావాలని ఆయన ఊహ. అందుకే కీటోన్ అన్న మాటను అనుసరించి దానికి సిలికోన్ అని పేరు పెట్టాడు. ఈ పోలిక ఎంతోకాలం నిలువలేదు. కర్బనం ఆక్సిజన్‌తో ద్విబంధం ఏర్పరచుకున్నట్లు సిలికాన్ సులభంగా ఏర్పరచుకోదు. దానికి బదులు సిలికాన్, ఆక్సిజన్, మళ్ళీ సిలికాన్, మళ్ళీ ఆక్సిజన్ చొప్పున వలయాలుగాను, పొడవైన గొలుసులుగాను పెరిగిపోతుంది. పోలిక తప్పని కిప్పింగ్ స్వయంగా గుర్తించాడు. పేరు మాత్రం నిలిచిపోయింది. తెలుగునాట దుకాణాలలో ఈ సీలెంటును సిలికాన్ అనే అడుగుతారు. కాని సిలికాన్ మూలకం పేరు, సిలికోన్ దాని నుండి తయారైన పాలిమర్ పేరు అని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఆ కాలపు కర్బన రసాయన శాస్త్రజ్ఞునికి స్ఫటికమే ప్రమాణం. స్ఫటికం వస్తే ద్రవీభవన స్థానం కొలవవచ్చు, శుద్ధత తేల్చవచ్చు, ఫార్ములా వ్రాయవచ్చు. చిక్కని నూనెలతోను, బంకలతోను ఇవేవీ సాధ్యం కావు. కిప్పింగ్ వాటిని పారవేయక, శిష్యులతో కలిసి ఓపికగా విశ్లేషించి, ఫలితాలను యాభైకి పైగా పరిశోధనా పత్రాలలో ప్రకటించాడు. కాని వాటిలో ప్రయోజనాన్ని చూడలేదు. 1937లో ప్రచురితమైన బేకరియన్ ఉపన్యాసంలో తన కృషిని సమీక్షిస్తూ, ఈ శాఖలో సమీప భవిష్యత్తులో ముఖ్యమైన పురోగతి ఉంటుందన్న ఆశ తనకు పెద్దగా లేదని తెలిపాడు. సిలికాన్ సమ్మేళనాలు కర్బన సమ్మేళనాల వలె వైవిధ్యం చూపవన్నది ఆయన నిరాశకు కారణం. శాస్త్రపరంగా అది నిజమే. కాని చర్యలలో పాల్గొనకుండా ఎండకు, వానకు, వేడికి చెక్కుచెదరక ఉండటమే ఒక గొప్ప గుణం కాగలదని ఆయన ఊహించలేదు.

పరిశ్రమగా మారిన వైనం

ఆ మాటలు వెలువడిన నాటికే అమెరికాలో కార్నింగ్ గాజు సంస్థకు చెందిన జేమ్స్ ఫ్రాంక్లిన్ హైడ్ కిప్పింగ్ పత్రాల ఆధారంగా పని ప్రారంభించాడు. గాజు నారతో చేసిన విద్యుత్ బంధకాలకు వేడిని తట్టుకొనే రెసిన్ కావలసి వచ్చింది. 1940 మే నెలలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో యూజీన్ రోకో, రాగి ఉత్ప్రేరకం సమక్షంలో సిలికాన్, మిథైల్ క్లోరైడులను నేరుగా కలిపే పద్ధతిని కనుగొన్నాడు. ఖర్చుతో కూడిన గ్రిన్యార్ పద్ధతి అవసరం దీనితో తప్పింది. జర్మనీలో రిచర్డ్ ముల్లర్ కూడా స్వతంత్రంగా ఇదే పద్ధతిని చేరుకున్నాడు. 1943లో డౌ, కార్నింగ్ సంస్థలు కలిసి డౌ కార్నింగ్‌ను నెలకొల్పాయి. దాని తొలి ఉత్పత్తి రెండవ ప్రపంచ యుద్ధ విమానాల ఇంజన్లలో నిప్పురవ్వ పుట్టించే విద్యుత్ తీగలలోకి తేమ చేరకుండా మూసే గ్రీజు. అనగా సిలికోన్ లోకానికి పరిచయమైనదే సందులు మూసే పదార్థంగా. అప్పటికి కిప్పింగ్ సజీవుడే, వయస్సు ఎనభై.

వ్యక్తిగత జీవితం

కిప్పింగ్ 1888లో లిల్లీ హాలండ్‌ను వివాహమాడాడు. ఆమె సోదరీమణులలో ఒకరిని పెర్కిన్, మరొకరిని ఆర్థర్ లాప్‌వర్త్ పెండ్లాడారు. ఈ విధంగా ముగ్గురు పేరుపొందిన రసాయన శాస్త్రజ్ఞులు తోడల్లుళ్ళయ్యారు. కుమారులలో బారీ కిప్పింగ్ రసాయన శాస్త్రంలోనే స్థిరపడి తండ్రి పాఠ్యపుస్తకాన్ని కొనసాగించాడు. సిరిల్ కిప్పింగ్ చదరంగ సమస్యల రచయితగా ప్రసిద్ధి పొందాడు. కిప్పింగ్ 1949లో వేల్స్‌లోని క్రిక్కియెత్‌లో మరణించాడు. రాయల్ సొసైటీ ఆయనను 1918లో డేవీ పతకంతో గౌరవించింది. అమెరికన్ కెమికల్ సొసైటీ సిలికాన్ రసాయన శాస్త్రంలో ఆయన పేరిట పురస్కారం ఏర్పాటు చేసింది.

సిలికోన్ సీలెంట్లు - ఉపరితలాలు

తేమ తగిలి గట్టిపడే సీలెంట్లు కిప్పింగ్ మరణానంతరం వాడుకలోకి వచ్చాయి. అంతకు పూర్వం అద్దాలకు లప్పం, పడవల అతుకులకు గుగ్గిలం, కప్పులకు తారు వాడేవారు. ఇవి కాలక్రమాన ఎండి పగులుతాయి. సిలికోన్ రబ్బరు వలె సాగి ముడుచుకుంటుంది. సాధారణ రకాలు సుమారు -50 నుండి 150 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటాయి.

గొట్టం నుండి వెలువడిన ముద్ద గాలిలోని తేమను గ్రహించి, పైనుండి లోపలికి గట్టిపడుతుంది. ఈ వేగం రోజుకు రెండు, మూడు మిల్లీమీటర్లు మాత్రమే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట వంటి అడవి అంచు ప్రాంతాలలో వానాకాలపు గాలిలో పైపొర త్వరగా కడుతుంది. ఎండాకాలపు పొడిగాలిలో ఆలస్యమవుతుంది. గాలిలో తేమ కావాలి గాని, పూసే చోట తడి ఉండరాదు. తడి గోడపై పూసిన సీలెంటు పొరగా ఊడివస్తుంది.

గాజుకు, మెరుగు పలకలకు సిలికోన్ గట్టిగా పట్టుకోవటానికి కారణం కిప్పింగ్ గమనించిన స్వభావమే. గాజు కూడా సిలికాన్, ఆక్సిజన్ బంధాల అల్లికే. దాని ఉపరితలంపైని హైడ్రాక్సిల్ సమూహాలతో సీలెంటు గొలుసు కొనలు చర్య జరిపి, అదే సిలికాన్-ఆక్సిజన్ వంతెనను కట్టుకుంటాయి. నూనె మరక, సబ్బు పొర, దుమ్ము అడ్డుపడితే ఈ బంధం ఏర్పడదు. కనుక స్పిరిటుతో తుడిచి ఆరనిచ్చిన తరువాతనే పూయాలి.

చవకగా దొరికే రకం గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. వినెగర్ వాసనను బట్టి దీనిని గుర్తించవచ్చు. గాజుకు, చేపల తొట్టెలకు ఇది తగినదే (తొట్టెలకు మాత్రం బూజునాశిని కలపని రకం వాడాలి). తెలుగు ఇళ్ళలో పొరపాటు జరిగేది రాతి దగ్గర. కడప, తాండూరు నాపరాళ్ళు, పాలరాయి సున్నపురాతి జాతివి. ఆమ్లం వాటి పైపొరను తినివేయటంతో సీలెంటు పట్టు వదులుతుంది. సిమెంటు గోడ విషయమూ ఇంతే. జింకు పూత ఉన్న రేకులు, రాగి తుప్పుపడతాయి. అద్దాల వెనుక వెండి పూత మచ్చలు తేలుతుంది. వీటన్నిటికీ ఆమ్లం విడువని తటస్థ రకం వాడవలెను. గ్రానైటుకు ఆమ్లంతో చిక్కు తక్కువైనా, సీలెంటులోని నూనె రాతిలోకి ఇంకి అంచు నల్లబారవచ్చు. కాబట్టి రాతికోసమే చేసిన తటస్థ రకం మేలు.

పాలిథీన్, పాలిప్రొపిలీన్, టెఫ్లాన్‌లకు సిలికోన్ అంటుకోదు. వాటి ఉపరితలంపై బంధానికి అనువైన సమూహాలు ఉండవు. మిద్దెలపై ఉండే ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు చాలావరకు పాలిథీన్‌వి. వాటి పగుళ్ళకు సిలికోన్ పూసి మోసపోవటం కంటే వేడితో అతికించటం ఉచితం.

సందు వెడల్పులో సగం లోతు ఉండటం మంచి కొలత. లోతు ఎక్కువైతే ముందుగా నురుగు కడ్డీ దూర్చి దానిపై పూస్తారు. సీలెంటు రెండు ప్రక్కల గోడలకే అంటుకొని, అడుగుభాగానికి అంటకుండా ఉంటేనే సందు కదలికతో పాటు సాగగలదు. మూడు వైపులా అంటుకున్నది చిరిగిపోతుంది. రంగు వేయవలసి ఉంటే ముందే వేయాలి, గట్టిపడిన సిలికోన్‌పై రంగు నిలువదు. పాత సిలికోన్‌పై కొత్తది కూడా సరిగా పట్టుకోదు కనుక, పాత దానిని బ్లేడుతో పూర్తిగా గీకివేసి, స్పిరిటుతో తుడిచి, తిరిగి మొదటి నుండి పూయవలసిందే.