అక్షరాలు రాకముందే పుస్తకం: ‘మీసాల అమ్మ’ గిజుభాయి చూపిన దారి

సూరత్ నగరం దాటాక, తపతి నది సముద్రంలో కలిసే చోట హజీరా ఉంటుంది. ఉక్కు, ఎరువులు, గ్యాస్ కర్మాగారాల ఊరు. 2020 నవంబరులో ఇక్కడి నుంచి ఖంభాత్ సింధుశాఖకు అవతలి ఒడ్డున ఉన్న ఘోఘాకు ఫెర్రీ మొదలైంది. రోడ్డు మీద 370 కిలోమీటర్లు ఉండే ప్రయాణం నీటి మీద 90 కిలోమీటర్లకు తగ్గింది. ఘోఘాలో దిగితే భావనగర్ దగ్గరే. వందేళ్ల కిందట ఒక ప్లీడరు వకాల్తాలు పక్కన పెట్టి, పసిపిల్లలకు కథలు చెబుతూ కూర్చున్నది ఆ ఊళ్లోనే. ఆయన పేరు గిజుభాయి బధేకా. గుజరాతీలు ఆయన్ను ‘మూఛాళీ మా’ అంటారు. అంటే మీసాలున్న అమ్మ.

అసలు పేరు గిరిజాశంకర్. 1885 నవంబరు 15న సౌరాష్ట్రలోని చితల్‌లో పుట్టారు. 1907లో బతుకుదెరువు కోసం తూర్పు ఆఫ్రికా వెళ్లారు. తిరిగొచ్చి బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి, ప్రాక్టీసు పెట్టారు. అదే దారిలో సాగితే ఆయన పేరు కోర్టు రికార్డుల్లో మిగిలిపోయేది.

1913లో కొడుకు నరేంద్ర పుట్టడంతో ఆ దారి మారింది. వీడిని ఎలాంటి బడికి పంపాలి అన్న ప్రశ్న ఆ తండ్రిని వదల్లేదు. తను చూసిన బడుల్లో ఉన్నవి బెత్తం, బట్టీ, భయం. బరోడా సంస్థానంలో గ్రంథాలయోద్యమాన్ని ఊరూరా నడిపించిన మోతీభాయి అమీన్‌ను ఆ రోజుల్లో కలిశారు. మరియా మాంటిసోరి పద్ధతిని వివరించే పుస్తకం ఆయన ద్వారానే గిజుభాయి చేతికి వచ్చింది. గ్రంథాలయాల మనిషి అందించిన ఒక పుస్తకం ఒక ప్లీడరును పంతులుగా మార్చింది.

1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరారు. 1920లో అక్కడే బాలమందిర్ తెరిచారు. రెండున్నరేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు అది బడి కంటే ఇల్లులా ఉండేది. ఆట, పాట, మట్టి, తోట, కథ. దండనకు చోటు లేదు.

మాంటిసోరిని ఆయన మక్కీకి మక్కీ అనుసరించలేదు. చిన్నపిల్లలకు ఊహాకథలు చెప్పడాన్ని మాంటిసోరి అంతగా ఇష్టపడలేదు. గిజుభాయి మాత్రం జానపద కథలను చదువు నడిమధ్యకు తెచ్చారు. కథ ఎలా ఎంచుకోవాలి, ఎలా చెప్పాలి అన్నదాని మీద 1925లో ‘వార్తాను శాస్త్ర’ రాశారు. చిన్నవీ పెద్దవీ కలిపి 200 దాకా పుస్తకాలు ఆయన పేరిట ఉన్నాయి.

వాటిలో తెలుగువారికి బాగా తెలిసింది ‘దివాస్వప్న’. మనకు ‘పగటికల’గా వచ్చింది. అందులోని మాస్టారు నాలుగో తరగతితో ఏడాది పాటు ప్రయోగం చేస్తాడు. మొదటి రోజు పిల్లలు మాట వినరు. మర్నాడు కథ మొదలుపెడితే కదలరు. తర్వాత పాఠ్యపుస్తకాలకు ఖర్చు పెట్టే డబ్బుతో కథల పుస్తకాలు తెప్పించి, తరగతి గదిలోనే గ్రంథాలయం పెడతాడు. తోటి ఉపాధ్యాయులు నవ్వుతారు. కానీ విన్న కథ పుస్తకంలో ఉందని తెలిశాక పిల్లలు వాటి కోసం వాళ్లే చేయి చాస్తారు.

ఈ వరుసను గమనించండి. ముందు వినడం, తర్వాత పుస్తకం మీద ఇష్టం, ఆ తర్వాతే చదవడం. మన ఇళ్లలో జరిగేది తలకిందులు. అక్షరాలు దిద్దించి, గుణింతాలు పూర్తిచేయించి, అప్పుడు పుస్తకం ఇస్తాం. చదవడం రాని మూడేళ్ల పాపకు లైబ్రరీలో ఏం పని అనుకుంటాం. గిజుభాయి లెక్కలో ఆమెకే ఎక్కువ పని. ఆమె బొమ్మ చూసి కథ అల్లుకుంటుంది. పేజీ తిప్పితే తర్వాతేదో ఉంటుందని నేర్చుకుంటుంది.

సూరత్ లాంటి చోట ఈ మాటకు ఇంకో బరువు ఉంది. మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బోర్డుల మీద గుజరాతీ. గుజరాతీ చదవలేని తల్లికి లైబ్రరీ తనది కాదనిపించడం సహజం. కానీ బొమ్మల పుస్తకానికి ఆ అడ్డు లేదు. కోతి ఏ లిపిలోనైనా కోతే. కింద ఏ భాష ఉన్నా తల్లి తెలుగులోనే కథ చెప్పొచ్చు. పరాయి ఊళ్లో పిల్లలకు అమ్మభాష మిగిలే దారుల్లో ఇదొకటి.

నగరంలో కవి నర్మద్ కేంద్ర గ్రంథాలయం ఉంది. హజీరా నుంచి ఒక సెలవు రోజు చాలు. పిల్లల్ని తీసుకెళ్లాక గిజుభాయి పద్ధతిలో మూడు పనులు చేయొచ్చు. ఏ పుస్తకం కావాలో వాళ్లనే ఎంచుకోనివ్వాలి. ఒకే పుస్తకాన్ని పదిసార్లు అడిగినా పదిసార్లూ చెప్పాలి. చెప్పాక ప్రశ్నలు వేసి పరీక్ష పెట్టకూడదు. గ్రంథాలయాల వైపు నుంచీ కొంత కావాలి: పిల్లల చేతికందే అరలు, కింద కూర్చునే చోటు, కాస్త అల్లరిని భరించే ఓర్పు.

1939 జూన్ 23న, 53 ఏళ్లకే గిజుభాయి కన్నుమూశారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ ఆ పనిని మహారాష్ట్రలోని ఆదివాసీ పిల్లల దాకా తీసుకెళ్లారు. బడిలో బెత్తాన్ని ఇప్పుడు చట్టమే నిషేధించింది. చదవడం వచ్చాకే పుస్తకం అన్న నియమాన్ని మాత్రం ఏ చట్టమూ మార్చలేదు. అది ఇంట్లో పెద్దవాళ్లే మార్చాలి.