జార్జి వాషింగ్టను సేద్యపు జమాఖర్చులు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రథమాధ్యక్షుడగు జార్జి వాషింగ్టను పేరు మన పాఠశాల బాలురును ఎరుగుదురు. ఆయన యుద్ధములు చరిత్ర గ్రంథములందు విస్తరముగా నున్నవి. మన గ్రంథాలయ పాఠకులలో హెచ్చుమంది కృషీవలులు గావున, ఆయన చిట్టా ఆవర్జాల కథను మాత్రము ఇచట చెప్పుచున్నాను.

ఆయన 1732 ఫిబ్రవరి 22వ తేదీన వర్జీనియాలో జన్మించెను. నాడది ఆంగ్లేయుల వలస రాజ్యము. మన ఒంగోలు సీమలో పండు వర్జీనియా పొగాకునకు ఆ పేరు అచటినుండి వచ్చినదే. పొటోమాక్ నదీతీరమున, మౌంట్ వెర్ననులో ఆయన సేద్యము. 1759లో వివాహమైన పిమ్మట పొగాకు విరివిగా పండించి, పీపాలకెత్తి, లండను వర్తకునకు పంపుచుండెను. అమ్మిపెట్టువాడా వర్తకుడే, ఓడకేవు, సుంకము, కమీషను మినహాయించుకొనువాడును అతడే, మిగిలిన సొమ్మునకు బట్టలు, పనిముట్లు కొని పంపువాడును అతడే. లెక్క తిరిగి వచ్చుటకు నెలలు పట్టెడిది. త్రాసును, చిట్టాయును, అప్పును ఒకరి చేతనే యున్నప్పుడు రైతు గతి యేమగునో మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు. పెద్దింటి దర్జాకై సీమ సరకులు తెప్పించుటలో ఆయన చేయియు పెద్దదే. 1764 నాటికి బాకీ రమారమి 1,800 పౌనులైనది.

ఆయన తన పద్దులను తానే చూచుకొనెను. పొగాకు భూమి సారమును పీల్చుచున్నది. ధర తన చేతిలో లేదు. 1766 నాటికి మౌంట్ వెర్ననులో పొగాకు మాని గోధుమ వేసెను. గోధుమకు బేరము దగ్గరనే, అలెగ్జాండ్రియా రేవులో. అంతటితో నిలువక 1771 నాటికి క్రొత్త మర కట్టించి, గోధుమకు బదులు పిండి అమ్మసాగెను. 1772లో తన పేరును పిండి పీపాల గుర్తుగా న్యాయస్థానమున నమోదు చేయించెను. ఆ పిండి వెస్టిండీసు దీవులకు ఎగుమతి యయ్యెను. నదిలో చేపలు పట్టించి, ఉప్పువేయించి అమ్మెను. 1797లో సారాయి బట్టీయు పెట్టించెను. ఆ పద్దును నేను మెచ్చను గాని, లాభము వచ్చిన మాట నిజము.

అయినను రొక్కమునకు కటకట తప్పలేదు. పంటలు తగ్గి, రావలసిన బాకీలు రాక, 1789లో అధ్యక్ష పదవి స్వీకరింప బయలుదేరునప్పుడు 600 పౌనులు అప్పు తెచ్చుకొనవలసి వచ్చెను! పదవిలో నుండియు వారము వారము సేద్యపు లెక్క తెప్పించుకొనెడివాడు. ఎవరేపని చేసిరి, ఎన్ని దూడలు పుట్టినవి, ఎంత గింజ నిలువ యున్నది, అన్నియు అందుండవలెను.

ఆ లెక్కలలో కూలి పద్దు మాత్రము వెదకినను కానరాదు. పొలములలో పాటుపడినవారు బానిసలు. కావున ఆ మిగులును లాభమని వ్రాయుటకు నా కలము సాగదు. 1799లో వారి సంఖ్య 317. ఆ యేడు వ్రాసిన మరణశాసనమున, తన సొంతమైన 123 మందిని భార్య తదనంతరము విడువవలెనని వ్రాసి, డిసెంబరు 14వ తేదీన ఆయన మరణించెను. ఆమె 1801లోనే వారిని విడిచిపెట్టెను. ఆమె మొదటి భర్త ఆస్తికి చెందినవారికి ఆ విడుదల వర్తింపలేదు. వారిని వారసులు పంచుకొనిరి.