పతకం వెనుక పెన్షన్ – నెపోలియన్ కథ

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు నా పతకాల పెట్టె గుర్తుకు వచ్చింది. ఆఫీసులో నాతో పనిచేసిన మిత్రులకు నా ఈ పిచ్చి తెలిసినదే. కొందరు స్టాంపులు, కొందరు నాణేలు కూడబెడతారు. నేను ఐరోపా దేశాల సైనిక, పౌర పతకాలు సేకరిస్తాను. పెన్షన్ డబ్బుతో కొనగలిగినవి కొద్ది. మిగతావన్నీ ఫొటోలే.

ఈ పిచ్చికి మూలం మా తాతగారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపటేమియా వెళ్లి వచ్చినందుకు బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ఒక వెండి పతకం ఇచ్చింది. ఒకవైపు అయిదవ జార్జి తల, రెండవవైపు గుర్రం మీద మనిషి బొమ్మ, అంచు మీద తాతగారి నంబరు, పేరు ఉండేవట. నేను దానిని చూడలేదు. నేను పుట్టకముందే మా నాన్నగారు దానిని కంసాలికిచ్చి, కరిగించి, మా అక్కయ్యకు కాళ్ల పట్టీలు చేయించారు. పతకాల విలువ తెలిసిన తర్వాత నాన్నగారి మీద చాలాకాలం మనసులో కినుక ఉండేది. అది ఎలా పోయిందో చెప్పాలంటే నెపోలియన్ కథ చెప్పాలి.

నెపోలియన్ 1769 ఆగస్టు 15న మధ్యధరా సముద్రంలోని కోర్సికా దీవిలో, అజాక్సియో పట్టణంలో పుట్టాడు. అంతకు ముందు సంవత్సరమే ఆ దీవి ఫ్రాన్సు చేతికి వచ్చింది. తండ్రి వకీలు. ఇంటినిండా పిల్లలు. తొమ్మిదేళ్ల వయసులో ప్రభుత్వ ఖర్చు మీద బ్రియెన్ సైనిక పాఠశాలలో చేరాడు. అక్కడ తోటి పిల్లలు అతని యాసను వెక్కిరించేవారు. 1785లో తండ్రి పోయాడు. అదే సంవత్సరం పదహారేళ్లకు ఫిరంగి దళంలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. కొన్నాళ్లకు తమ్ముడు లూయీని తన దగ్గర ఉంచుకుని, ఆ చిన్న జీతంతోనే చదువు చెప్పించాడు. జీతం రాళ్లతో తమ్ముళ్లను చదివించినవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ కష్టం వారికి వేరే చెప్పనక్కరలేదు.

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. పుట్టుకను బట్టి కాక పనిని బట్టి పైకి వచ్చే దారి తెరుచుకుంది. 1793లో టూలాన్ రేవు ముట్టడిలో చూపిన ప్రతిభకు 24 ఏళ్లకే బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1796లో ఇటలీ దండయాత్రతో పేరు మారుమోగింది. 1799 నవంబరులో అధికారం చేజిక్కించుకున్నాడు.

రాజుల కాలంలో సెయింట్ లూయీ పతకం ఉండేది. అది కేథలిక్ మతస్థులైన ఆఫీసర్లకే. మామూలు సిపాయికి దక్కేది కాదు. విప్లవకారులు అందరూ సమానమే కదా అని అలాంటి బిరుదు పతకాలన్నీ రద్దు చేశారు. నెపోలియన్ 1802 మే 19న లీజియన్ ఆఫ్ ఆనర్ అనే కొత్త పతకానికి చట్టం చేయించాడు. సమానత్వానికి ఇది విరుద్ధమని శాసనసభలో గట్టి వ్యతిరేకత వచ్చింది. అనుకూలంగా 166, వ్యతిరేకంగా 110 ఓట్లు పడ్డాయి.

ఇందులో కొత్తదనం ఏమిటంటే, మతం, వంశం, హోదా అడ్డురాకపోవడం. సిపాయికీ, సేనానికీ, శాస్త్రవేత్తకూ ఒకే నక్షత్రం, ఒకే ఎర్ర రిబ్బను. సిపాయిది వెండి, పై అంతస్తులకు బంగారం, అంతే తేడా. ఈ సంస్థకు మొదటి గ్రాండ్ ఛాన్సలర్‌గా ఒక సేనానిని కాక లాసెపేడ్ అనే ప్రకృతి శాస్త్రవేత్తను నియమించాడు. 1804 జూలై 15న పారిస్‌లో, ఆగస్టు 16న బులోన్ సైనిక శిబిరంలో పతకాలు పంచాడు. మన సత్యజిత్ రాయ్ గారికి 1987లో లభించిన గౌరవం ఇదే.

మన పెన్షనర్లు గమనించవలసిన సంగతి ఇంకొకటి. ఈ పతకంతో ఏటా డబ్బు కూడా వచ్చేది. మామూలు సభ్యుడికి 250 ఫ్రాంకులు, ఆఫీసరుకు 1000, కమాండరుకు 2000, గ్రాండ్ ఆఫీసరుకు 5000. 1805 డిసెంబరులో, ఆస్టర్‌లిట్జ్ విజయం తర్వాత, పతకం పొందినవారి కుమార్తెలకు పాఠశాలలు పెట్టించాడు.

అంతమాత్రాన అతడు ధర్మప్రభువు కాడు. ఈ చట్టం వచ్చిన మర్నాడే, 1802 మే 20న, ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని నిలబెడుతూ ఇంకొక చట్టం చేయించాడు. 1804 మేలో చక్రవర్తి అయ్యాడు. 1812లో సుమారు ఆరు లక్షల సైన్యంతో రష్యా మీదికి వెళితే తిరిగి వచ్చినవారు కొద్దిమందే. పతకం కట్టిన చేతితోనే లక్షల ఇళ్లలో దీపాలు ఆర్పాడు.

1814లో గద్దె దిగాడు. పదునెనిమిదవ లూయీ రాజై, పతకం మీద నెపోలియన్ ముఖం తీయించి నాలుగవ హెన్రీ ముఖం వేయించాడు. సేకరించేవాళ్లం పతకం కాలాన్ని ఇలాంటి గుర్తులతోనే పోలుస్తాము. ముఖం ఎవరిది, పైన కిరీటం ఉందా అని చూస్తాము. కిరీటం 1806లో చేరింది, 1870లో రిపబ్లిక్ వచ్చాక పోయింది. ముఖం మారడంతో అయిపోలేదు. పతకం మీద వచ్చే డబ్బు కూడా సగానికి పడిపోయింది. వేలాది ఆఫీసర్లను సగం జీతం మీద ఇంటికి పంపారు. యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవారికి నక్షత్రం మిగిలింది, చేతికి వచ్చేది తగ్గింది.

1815లో మళ్లీ వచ్చి, వాటర్లూలో ఓడి, సెయింట్ హెలీనా దీవిలో ఖైదీగా 1821 మే 5న, 51 ఏళ్లకు నెపోలియన్ మరణించాడు. అతని పాత సిపాయిలలో బతికి ఉన్నవారికి 1857లో మూడవ నెపోలియన్ సెయింట్ హెలీనా పతకం ఇచ్చాడు. సుమారు నాలుగు లక్షల మందికి అందింది. అప్పటికి వారంతా అరవై దాటిన వృద్ధులు. కంచు పతకం, ఆకుపచ్చ రిబ్బను మీద సన్నని ఎర్ర గీతలు. దానితో డబ్బేమీ రాలేదు.

అటువంటిది ఒకటి నా పెట్టెలో ఉంది. దాని మీద పేరు లేదు. ఏ ముసలాయన గుండె మీద వేలాడిందో తెలియదు. దానిని చేతిలో పట్టుకున్న రోజున నాన్నగారి మీద కినుక పోయింది. మా తాతగారికి పెన్షన్ లేదు. పతకం ఇంట్లో ఉన్నా పొయ్యి వెలగదు. ఆ వెండి ఒక చిన్నపిల్ల కాళ్లకు చేరడంలో తప్పేముంది? ఆ పట్టీలు ఇప్పుడు అక్కయ్య మనవరాలి దగ్గర ఉన్నాయి.

పతకం పాలకుడి మెప్పు. పాలకుడు మారితే దాని మీది ముఖం మారుతుంది, దాని వెంట వచ్చే డబ్బు తగ్గుతుంది. పెన్షన్ అటువంటి దయాధర్మం కాదని, ఉద్యోగి హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మనం ఆ రోజును జరుపుకోవడంలోని అర్థం నాకు నెపోలియన్ సిపాయిల వల్ల ఇంకా బాగా తెలిసింది.

చివరగా ఒక మనవి. మీ ఇంటి పాత ట్రంకు పెట్టెలో తాత ముత్తాతల పతకం ఉంటే చింతపండుతో తోమకండి. అంచు మీది పేరు, నంబరు అరిగిపోతాయి. ముందు వాటిని ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఆ తర్వాత ఉంచుకుంటారో, పట్టీలు చేయిస్తారో మీ ఇష్టం. పేరు మాత్రం పోనివ్వకండి.