గోమార్ల జ్వరం మందు, మన యల్లాప్రగడ సుబ్బారావు

తొలకరి పడింది, పశువులకు గోమార్లు (పిడుదులు) పట్టే రోజులు వచ్చాయి. నిన్నటిదాకా బాగున్న సంకరజాతి ఆవు మేత మానేసి, ఒళ్లు కాలిపోతూ, పాలు ఒక్కసారి తగ్గిస్తే పశువైద్యులు రక్తపరీక్ష చేయిస్తారు. ఎనాప్లాస్మా అని తేలితే పసుపు రంగు టెట్రాసైక్లిన్ ఇంజెక్షన్ ఇస్తారు. పత్తి, మిరప రైతులకు ఈ పేరు కొత్త కాదు. పత్తిలో నల్లమచ్చ తెగులుకు మనం ఏళ్ల తరబడి వాడిన స్ట్రెప్టోసైక్లిన్ పొట్లంలో పదో వంతు టెట్రాసైక్లినే. ఈ మందుల కుటుంబంలో మొదటిది వెలువడిన పరిశోధన విభాగానికి పెద్ద మన తెలుగువాడు. ఆయన గురించి రైతులు తెలుసుకోవాలని ఈ వ్యాసం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు కటకట. చదువు మీద మనసు నిలవక మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు వేసుకున్నందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఫలితంగా ఎంబీబీఎస్ బదులు అంతకంటే చిన్నదైన ఎల్ఎంఎస్ డిగ్రీ చేతికిచ్చారు. ఆ రోజుల్లోనే ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. దానికి అప్పట్లో మందు లేదు.

1923లో మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. హార్వర్డ్‌లో ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర చేరి, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో తయారుచేశారు. మనం పొలానికి డీఏపీ వేసేది కూడా భాస్వరం కోసమే కదా, అదే భాస్వరం పశువు ఒంట్లోనూ ఉండాలి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరు బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివారికీ తెలుసు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కూడా వారిద్దరూ 1929లో వెలికితీశారు. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీలో పరిశోధనకు చేరి, త్వరలోనే ఆ విభాగానికి అధిపతి అయ్యారు. తరవాతి ఎనిమిదేళ్లలో జరిగిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూను నయం చేసే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో ప్రయోగశాలలో తయారు చేసింది. బోదకాలుకు ఇంటింటికీ తిరిగి ఇచ్చే డీఈసీ మాత్ర, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ అక్కడివే.

ఇక మన మందు సంగతి. మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి మందు తీయడానికి డగ్గర్ అనే మొక్కల శాస్త్రవేత్తను పనిలో పెట్టుకున్నారు. అప్పటికే ఆయన విశ్వవిద్యాలయంలో రిటైరై, డెబ్బై దాటిన మనిషి. చాలా చోట్ల నుంచి మట్టి తెప్పించారు. మిస్సోరి విశ్వవిద్యాలయం వారి సాన్‌బార్న్ క్షేత్రంలో 1888 నుంచి పంటల మీద ప్రయోగాలు జరుగుతున్నాయి. అక్కడ తిమోతి అనే పశుగ్రాసం పెంచే మడి నుంచి వచ్చిన మట్టిలో, 1945లో, బంగారు రంగులో పెరిగే స్ట్రెప్టోమైసిస్ జీవి దొరికింది. దాని నుంచి తీసినదే ఆరియోమైసిన్, మొదటి టెట్రాసైక్లిన్. దీన్ని సుబ్బారావుగారే స్వయంగా కనుక్కున్నారని కొందరు రాస్తుంటారు, అది సరికాదు. కనుక్కున్నది డగ్గర్. మనిషిని ఎంచుకుని, పని అప్పగించి, వెనక నిలబడింది సుబ్బారావు. నా దృష్టిలో అదీ తక్కువ పనేం కాదు. మందును 1948లో ప్రపంచానికి ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో ఆయన నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు, భార్యను మళ్లీ చూడలేదు. 1950లో అదే కుటుంబంలోని ఆక్సీటెట్రాసైక్లిన్ వచ్చింది. ఇప్పుడు పశువులకు ఎక్కువగా వేసేది అదే.

ఎనాప్లాస్మా అనే బ్యాక్టీరియాను 1910లో దక్షిణాఫ్రికాలో థైలర్ అనే పశువైద్యుడు గుర్తించాడు. ఇది ఎర్ర రక్తకణం లోపల దాక్కుంటుంది. మామూలు బ్యాక్టీరియాలాగా గాజు పళ్లెంలో పెంచుదామంటే పెరగదు, బతికున్న కణం కావాలి. 1990లలో గోమారు కణాలను ప్రయోగశాలలో పెంచి, వాటిలో దీన్ని పెంచగలిగారు. 2005లో దీని జన్యుపటం మొత్తం చదివారు. సుమారు 12 లక్షల అక్షరాల పొడవు ఉంది. ఒంటిపైన ఉండే ప్రొటీన్లను ఈ జీవి మాటిమాటికీ మార్చుకోగలదని జన్యువుల్లో తేలింది. చొక్కా మార్చుకుంటూ తిరిగే దొంగను పోలీసు పట్టలేనట్టే, పశువు రోగనిరోధక శక్తి దీన్ని పూర్తిగా వదిలించుకోలేదు. కోలుకున్న ఆవు రక్తంలోనూ కొద్దిగా మిగిలి ఉంటుంది. మన దగ్గర దీనికి టీకా వాడుకలో లేదు.

టెట్రాసైక్లిన్ ఈ జీవిని ఒక్క దెబ్బకు చంపదు, ప్రొటీన్లు తయారు చేసుకోకుండా ఆపుతుంది. అందుకే ఒక ఇంజెక్షన్‌కు జ్వరం తగ్గిందని మానేస్తే మళ్లీ తిరగబెట్టవచ్చు. ఇంకో చిక్కు ఉంది. గోమార్లు మోసుకొచ్చేది ఈ ఒక్క జబ్బునే కాదు. మూత్రం కాఫీ రంగులో వస్తే బబేసియా కావచ్చు, భుజం ముందు గడ్డ వాస్తే థైలీరియా కావచ్చు. ఈ రెండూ బ్యాక్టీరియా కావు, వాటికి వేరే మందులు కావాలి. ఎనాప్లాస్మాలో మూత్రం ఎర్రబడదు. కంటి లోపలి పొర, చిగుళ్లు పాలిపోతాయి, తరవాత పచ్చబడవచ్చు. నేను వ్యవసాయం చదివినవాడిని, పశువైద్యుడిని కాను. కాబట్టి మోతాదు చెప్పను. మీరూ మందుల షాపులో అడిగి తెచ్చి పొడవవద్దు. 1962కు ఫోన్ చేయండి, లేదా మందు వేయకముందే దగ్గర్లోని పశువైద్యశాలలో రక్తపు పూత తీయించండి.

ఒక పశువుకు వాడిన సూదిని మరో దానికి వాడితే, గోమారు లేకుండానే జబ్బు అంటుకుంటుంది. పత్తికి, మిరపకు తెచ్చిన పురుగుమందులో మిగిలింది గోమార్ల కోసం పశువుకు పూస్తే ప్రాణానికే ప్రమాదం. దొడ్డి గోడల పగుళ్లు పూడ్చండి, గోమార్లు గుడ్లు పెట్టేది అక్కడే. ఒంగోలు జాతి కొంత తట్టుకుంటుంది గాని, సంకర ఆవును రోజూ చెవుల లోపల, పొదుగు చుట్టూ, తోక కింద చూసుకోవాలి. ఇంజెక్షన్ వేసిన పశువు పాలను డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా కేంద్రానికి పోయవద్దు.