బ్రౌన్ దొర కాన్ఫిగ్ ఫైళ్లు

మొన్న బెజవాడలో మా రూమ్‌లో అర్ధరాత్రి ఉబుంటు అప్‌గ్రేడ్ పెట్టాం. సగంలో ఆగి ఓ ప్రశ్న వేసింది: ఈ కాన్ఫిగ్ ఫైలును మీరూ మార్చారు, ప్యాకేజీ వాళ్లూ మార్చారు, ఎవరిది ఉంచమంటారు? మావాడు చూడకుండా వై కొట్టేశాడు. నెల రోజుల సెట్టింగులు గోవిందా! (పాత ఫైలు డీపీకేజీ-ఓల్డ్ అనే తోకతో పక్కనే ఉంటుందని తెల్లారాక తెలిసింది.)

అప్పుడు నాకు గుర్తొచ్చింది సి.పి.బ్రౌన్. నవ్వకండి.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసు చేరి, కంపెనీ కొలువు కోసం తెలుగు నేర్చుకున్నాడు. 1820లో కడప, తర్వాత మన బందరు. బందరులో ఉండగానే వేమన మీద మనసు పడి, తాళపత్రాలు పోగేయడం మొదలుపెట్టాడు. తీరా చూస్తే ఏ రెండు ప్రతులూ ఒకేలా లేవు. రాసుకున్న ప్రతి లేఖకుడూ ఓ అడ్మినే కదా! అర్థంకాని మాట మార్చాడు, నచ్చిన పద్యం కలిపాడు, నచ్చనిది వదిలేశాడు.

నిజానికి డీపీకేజీ పని తేలిక. మొదట తాను పెట్టిన ఫైలు హ్యాష్ దాచుకుంటుంది. మనమొక్కరమే మారిస్తే మనది ఉంచుతుంది, వాళ్లే మారిస్తే కొత్తది వేస్తుంది, ఇద్దరూ మారిస్తేనే అడుగుతుంది. బ్రౌన్ దగ్గర ఆ మొదటి ప్రతే లేదు. ఏది మూలమో, ఏది మార్పో చెప్పేవాళ్లు లేరు.

అందుకే ఆయన వై, ఎన్ కాకుండా డి నొక్కాడు, అంటే తేడాలన్నీ చూపించమన్నాడు. సొంత డబ్బుతో పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకున్నాడు, అప్పులూ చేశాడు. ప్రతులు పక్కపక్కన పెట్టించి, పద్యాలకు నంబర్లు వేయించి, పాఠాంతరాలు రాయించాడు. 1829లో 693 వేమన పద్యాలు అచ్చేశాడు. అక్కడితో ఆగలేదు, 1839 కూర్పుకి అవి 1164 అయ్యాయి. వేమనవి కానివి కొన్ని లోపలికి వచ్చేసి ఉంటాయని నా అనుమానం. అయినా తీసేయడం కన్నా ఉంచడమే మేలని నేనూ అంటాను.

1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. తర్వాత ఇంగ్లండు వెళ్లిపోయి, లండన్‌లో తెలుగు పాఠాలు చెప్పి, 1884 డిసెంబరు 12న అక్కడే పోయాడు. పోగేసిన ప్రతులు మాత్రం ఇక్కడే, మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. ఆయన ఎంచిన పాఠం నచ్చనివాళ్లు ఇవాళైనా వెళ్లి పాతవి తీసి పోల్చుకోవచ్చు.