ఊరూరా పుస్తకాలు చేర్చిన అయ్యంకి వెంకటరమణయ్య

మీరు ఈ పాఠం ఎక్కడ కూర్చుని చదువుతున్నారో మాకు తెలియదు. శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె కావచ్చు. బతుకుతెరువు కోసం సముద్రం దాటి వెళ్లిన కుటుంబమైతే అండమాన్‌లోని ఫీనిక్స్ బే కావచ్చు. ఫీనిక్స్ బే అంటే శ్రీ విజయపురంలో, అంటే 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన పట్నంలో, చుట్టుపక్కల దీవులకు పడవలు బయలుదేరే రేవు ఉన్న పేట. మీ పేటలో రేషన్ దుకాణం ఎక్కడ, తపాలా కార్యాలయం ఎక్కడ అని అడిగితే వెంటనే చెబుతారు. గ్రంథాలయం ఎక్కడ అని అడిగితే? కొంచెం ఆలోచించవలసి వస్తుందేమో! మంచినీళ్ల కుళాయి, వీధిదీపం ఎలాగో గ్రంథాలయం కూడా అలాగే ప్రతి చోటా ఉండాలని నమ్మి, దాని కోసమే జీవితమంతా పనిచేసిన ఒక మనిషిని గురించి ఇప్పుడు తెలుసుకుందాం.

ఆయన పేరు అయ్యంకి వెంకటరమణయ్య. 1890 జూలై 24న తూర్పు గోదావరి ప్రాంతంలోని కొంకుదురు గ్రామంలో పుట్టారు. ఆయన యువకుడిగా ఉన్న రోజుల్లో దేశమంతటా వందేమాతరం ఉద్యమం సాగుతోంది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించి ఉపన్యాసాలిచ్చినప్పుడు ఎందరో విద్యార్థులు కదిలిపోయారు. వెంకటరమణయ్య కూడా ఆ గాలి సోకినవారే. కొద్ది కాలానికే, 1910లో, బందరు నుంచి ఆంధ్రభారతి అనే సచిత్ర మాసపత్రిక నడిపారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏళ్లు.

పత్రిక నడిపితే చాలదని ఆయనకు త్వరలోనే అర్థమై ఉండాలి. 1911 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదవను, రాయను వచ్చినవారు నూటికి ఆరుగురే. పత్రిక అచ్చు వేస్తే కొనేదెవరు? కొన్నా చదివేదెవరు? పుస్తకం కొనలేనివారికి పుస్తకం ఎలా అందాలి? చదవలేనివారికి అందులోని విషయం ఎలా చేరాలి? ఈ రెండు ప్రశ్నలకూ గ్రంథాలయమే జవాబు అని ఆ కాలపు కార్యకర్తలు గుర్తించారు.

గ్రంథాలయాలు అప్పటికే లేకపోలేదు. విశాఖపట్నంలో 1886లోనే సరస్వతీ నిలయం వెలిసింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. ఇంకా అనేక ఊళ్లలో ఉత్సాహవంతులు చందాలు వేసుకుని చిన్న చిన్న పుస్తక భాండాగారాలు పెట్టారు. అయితే ఒక ఊరివారి పని మరో ఊరివారికి తెలియదు. ఉత్సాహం ఉన్నన్నాళ్లు నడిచేవి, ఆ తరువాత బీరువాకు తాళం పడేది. వీటన్నిటినీ ఒక దారంతో కట్టాలని వెంకటరమణయ్య తలచారు. 1914 ఏప్రిల్ 10న విజయవాడలోని రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయ కార్యకర్తల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది అక్కడే. మరుసటి ఏడు గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక మొదలైంది. ఆ పత్రిక డబ్బు చాలక మధ్యమధ్య ఆగిపోయింది, మళ్లీ లేచింది. ఇటువంటి పత్రికల జాతకమే అంత!

ఆ కాలపు గ్రంథాలయాన్ని మీరు ఊహించుకోగలరా? పెద్ద భవనం, వరుసగా బల్లలు అనుకోకండి. చాలాచోట్ల అది ఒక ఇంటి అరుగు, లేదా గుడి దగ్గర ఒక గది. ఒక బీరువా, కొన్ని పుస్తకాలు, పోస్టులో వచ్చే ఒక వార్తాపత్రిక. సాయంత్రం పొలం పని ముగించుకుని వచ్చినవారు చుట్టూ కూర్చుంటే, చదువు వచ్చినవారు పత్రిక పైకి చదివి వినిపించేవారు. అంటే అక్షరం రానివారు కూడా గ్రంథాలయానికి వచ్చేవారు, వినేవారు, ప్రశ్నలు అడిగేవారు. కొన్నిచోట్ల అక్కడే రాత్రి బడులు నడిచాయి. వయోజన విద్య కోసం పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఈ ఉద్యమానికి మరో పెద్ద దిక్కు. కార్యకర్తలు గ్రంథాలయ యాత్రలు చేస్తూ ఊరూరా తిరిగి పుస్తకాలు పోగుచేశారు. స్వరాజ్యం మాటలు కూడా ఇక్కడే వినిపించేవి కాబట్టి ప్రభుత్వం ఈ గదుల మీద ఒక కన్ను వేసి ఉంచేది.

అదే కాలంలో బరోడా సంస్థానంలో కూడా ఊరూరా గ్రంథాలయాలు వచ్చాయి. అక్కడ మహారాజు శాయాజీరావు ఖజానా వెనుక ఉంది. మన ప్రాంతంలో రాజు లేడు, ఖజానా లేదు. ఊరివారి చందాలే ఆధారం. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి, తరువాత పనికొస్తుంది.

వెంకటరమణయ్య దృష్టి ఆంధ్రదేశంతో ఆగలేదు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరగడానికి ఆయనే ముఖ్య కారకులు. బరోడా గ్రంథాలయ శాఖకు చెందిన కుదాల్కర్ దానికి అధ్యక్షులు. నవంబరు 14 అనగానే మనకు నెహ్రూ పుట్టినరోజు గుర్తుకొస్తుంది. ఏటా అదే రోజున మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల్లో మాత్రం మద్రాసు సభను కూడా తలచుకుంటారు.

ఉద్యమం నుంచి ఎన్నో చిత్రమైన ప్రయత్నాలు పుట్టాయి. వాటిలో ఒకటి పడవ గ్రంథాలయం. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం దీన్ని ప్రారంభించారు. పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పుస్తకాల పడవ నడిచేది. గట్టున ఉన్న ఊళ్ల దగ్గర ఆగేది. రోడ్డు సరిగా లేని ఊరికి కూడా కాలువ ఉంది కదా! ఫీనిక్స్ బే రేవులో పడవ కోసం ఎదురుచూసినవారికి ఆ గట్టు మీద నిలబడ్డవారి ఆత్రం తేలికగా అర్థమవుతుంది.

ఇక చట్టం సంగతి. 1948లో మద్రాసు రాష్ట్రంలో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇటువంటి చట్టాల్లో అదే మొదటిది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో ఇక్కడ ప్రత్యేక చట్టం చేశారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసే పద్ధతి వచ్చింది. ఊరి చందా మీద ఆధారపడ్డ బీరువాకు ఇప్పుడు గుమాస్తా, జీతం, అద్దె అన్నీ సమకూరాయి. ఇది చిన్న లాభం కాదు. కానీ అంతవరకు ఇది మా గ్రంథాలయం అనుకున్న ఊరివారు, ఇకమీదట అది ప్రభుత్వం పని అనుకోవడం కూడా అప్పుడే మొదలైందని మాకు అనిపిస్తుంది. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సు గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే. దాన్ని అడగవలసినవారు చందాదారులైతే గట్టిగా అడిగేవారు.

1972లో భారత ప్రభుత్వం వెంకటరమణయ్యను పద్మశ్రీతో సత్కరించింది. తెలుగువారు ఆయనను గ్రంథాలయ పితామహుడని పిలుచుకున్నారు. 1979 మార్చి 7న ఆయన కన్నుమూశారు.

మీరు తెలుగు రాష్ట్రాల్లో ఉంటే ఇంటిపన్ను రసీదు ఒకటి తీసి, అందులో గ్రంథాలయ సెస్సు ఎంత ఉందో చూడండి. శ్రీ విజయపురం వైపు ఉంటే అక్కడి స్టేట్ లైబ్రరీకి వెళ్లి, సభ్యత్వానికి ఏమేం కావాలో, తెలుగు పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నాయో అడగండి. తెలుసుకున్న వివరాలు మీ నోటుపుస్తకంలో రాసుకుని, ఈసారి తరగతికి వచ్చేటప్పుడు తీసుకురండి.