నీటి పుట్టుక వెతకడానికి కొలబద్ద ఇచ్చిన పల్లెటూరి పంతులు

చదివిన డిగ్రీ ఒకటి, వెళ్లాలనుకుంటున్న దారి ఇంకొకటా? అయితే హెరాల్డ్ యూరీ గురించి మీరు తెలుసుకోవాలి.

1893లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టారు. ఆరేళ్లకే తండ్రి పోయారు. స్కూలు చదువు అయ్యాక పల్లెటూరి బళ్లలో పాఠాలు చెప్పారు. కాలేజీలో చేరేసరికి ఇరవై దాటాయి. 1917లో చేతికొచ్చిన డిగ్రీ జంతుశాస్త్రంలో! యుద్ధకాలంలో రసాయనాల ఫ్యాక్టరీలో పని చేశాక కెమిస్ట్రీ వైపు మళ్లి, 1923లో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

1931. కొలంబియా యూనివర్సిటీలో రెట్టింపు బరువుండే హైడ్రోజన్ కోసం వెతుకుతున్నారు. అది ఉంటే వర్ణపటంలో దాని గీత ఎక్కడ పడాలో ముందే లెక్కగట్టారు. ఫొటో ప్లేటు మీద సరిగ్గా అక్కడే మసకగా ఓ గీత! మీరైతే ఏం చేసేవారు? వేరేవాళ్లు ముందే ప్రకటించేస్తారేమోనని ఆ రాత్రే పేపర్ రాసి పంపేసేవారు కదూ? యూరీ ఆగారు. పరికరం లోపం వల్ల కూడా అలాంటి దొంగ గీతలు పడతాయి మరి.

ద్రవ హైడ్రోజన్‌ను ఆవిరి చేస్తూ పోతే బరువైనది అడుగున ఎక్కువగా మిగలాలి. వాషింగ్టన్‌లో ఉన్న బ్రిక్‌వెడ్ ఆ పని చేసి నమూనా పంపారు. పరీక్షిస్తే తేడా ఏమీ లేదు. వదిలేయలేదు. ఈసారి మైనస్ 259 డిగ్రీల దగ్గర ఆవిరి చేసి మళ్లీ పంపారు. గీత స్పష్టంగా కనబడింది. అదే డ్యుటీరియం. 1934లో యూరీకి నోబెల్ వచ్చింది. భార్య నిండు గర్భిణి కావడంతో బహుమతి సభకు కూడా వెళ్లలేదు.

ఇక రాళ్ల సంగతి. మన సముద్రపు నీటిలో సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి డ్యుటీరియం. ఈ నిష్పత్తి అంతటా ఒకేలా ఉండదు. ఇంటిపేరును బట్టి ఊరు పోల్చుకున్నట్టు, దీన్నిబట్టి నీరు ఎక్కడిదో ఊహించవచ్చు. 2014లో రొసెట్టా నౌక 67పీ తోకచుక్క దగ్గర కొలిస్తే మన సముద్రాల కంటే మూడు రెట్లకు పైగా తేలింది. అంటే మన సముద్రాలను నింపింది ఆ రకం తోకచుక్కలు కాకపోవచ్చు. 2020లో ఇంకో మలుపు. పొడి రాళ్లనుకున్న ఎన్‌స్టటైట్ ఉల్కల్లో హైడ్రోజన్ దొరికింది, నిష్పత్తీ భూమికి దగ్గరగానే ఉంది. భూమి దాదాపు అలాంటి రాళ్లతోనే తయారైందని అంచనా. నీరు బయటినుంచి రాలేదేమో, మొదటినుంచీ ఆ రాళ్లలోనే ఉందేమో!

యూరీ మాత్రం గీత దగ్గరే ఆగిపోలేదు. చంద్రుడి మీదకు మనుషులు వెళ్లి రాళ్లు తెచ్చేనాటికి ఆయనకు 76 ఏళ్లు. వాటినీ పరిశీలించారు. 1981 జనవరిలో కన్నుమూశారు.